మెరుపుకు వదిలిన చోటు

డల్సీ బొమ్మల షెడ్డు తలుపును వాలెస్ మనుషులు గొడ్డలితో పగలగొట్టడం, లోపల గోడకు ఆనించి ఉన్న పెద్ద కాన్వాసును చూసి ఆడవాళ్ళంతా ఒక్కసారిగా గొల్లుమనడం కిందటి వారం చూశాం. ఆ కాన్వాసు మీద ఉన్నది తలింజి గుంట. డల్సీ తండ్రి భూమి, వాన పుట్టే చోటు. ఎర్ర ఇసుక తిన్నెల మీదికి నల్లటి మబ్బులు దిగుతుంటాయి, వాటి కింద సన్నటి చినుకు చారలు ఉంటాయి. ఊహ తెలిసినప్పటినుంచీ ఆమె వేస్తున్న బొమ్మ అదొక్కటే. కాకపోతే ఏ బొమ్మలోనైనా కుడి అంచున జానెడు పట్టె ఖాళీగా, నల్లగా వదిలేస్తుంది. అక్కడినుంచి మెరుపు మొదలవుతుంది, మెరుపు ఆమెది కాదు. వాన డల్సీ వాళ్ళది, మెరుపు వాలెస్ వాళ్ళది. ఇసుకలో పొలిమేర ఎలా ఉందో గుడ్డ మీదా అలాగే ఉండాలి. నగరాల్లో కొనేవాళ్ళు ఆ ఖాళీ పట్టెకు ఏవేవో గొప్ప అర్థాలు చెప్పుకుంటారు గానీ దానికి అంత అర్థమేమీ లేదు. పక్కవాళ్ళ చోటులో కాలు పెట్టకపోవడం, అంతే.

ఈసారి ఆ పట్టె ఖాళీగా లేదు. పైనుంచి కిందికి తెల్లటి వంకర గీతలు దిగి ఉన్నాయి. ఆ గీతలు ఎప్పుడు పడ్డాయో ఎవరూ చూడలేదు. ఆ రోజుల్లోనే ఈ ఏటి మొదటి ఉరుము వాళ్ళ ఎడారి ఊరు మిల్యారి మీద ఉరిమింది, ఫుట్‌బాల్ మైదానం చివర ఇనప గోలు స్తంభం దగ్గర నిలబడ్డ కుర్రవాడు మెరుపు తగిలి నిలబడ్డచోటే కూలిపోయాడు. వాలెస్, విన్నీలకు ఒక్కగానొక్క కొడుకు. వాడి పేరు ఇప్పుడు ఎవరూ పలకరు, మనమూ పలకొద్దు.

పెద్దలు కూర్చుని తేల్చింది ఒక్క మాటే. తనది కాని మెరుపును గీసి పిలిచింది డల్సీ, కాబట్టి డల్సీ వైపువాళ్ళు బల్లెం దెబ్బకు తొడ ఇవ్వాలి. మిల్యారిలో ఆడదాని మీదికి బల్లెం విసరరు. ఆమె బదులు తోడబుట్టినవాడు నిలబడాలి. డల్సీకి తోడబుట్టినవాడు ఒక్కడే ఉన్నాడు.

క్లిఫర్డ్ ఆ పొద్దున పట్నం బస్సు దిగి, భుజాన దుప్పటి చుట్ట వేసుకుని, ఎక్కడికో పెళ్ళికి వచ్చినవాడిలా అందరినీ పలకరిస్తూ అక్క ఇంటికి నడిచాడు. పట్నంలో అతని బతుకంతా డయాలసిస్ మిషను పక్కన కుర్చీలోనే గడుస్తోంది. ఎడమ చేతి మీద సూదులు గుచ్చీ గుచ్చీ నరం తాడులా ఉబ్బిపోయింది. నెత్తురు గడ్డకట్టకుండా మందులు వాడుతున్నాడు, గెడ్డం గీసుకునేటప్పుడు కోసుకున్నా రుమాలు తడిసిపోతుందని అతనే నవ్వుతూ చెబుతుంటాడు. అలాంటివాడి తొడలో బల్లెం దిగితే ఏమవుతుందో డల్సీకి తెలుసు. వాలెస్‌కూ తెలుసు, ఊరందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ వద్దనలేదు. వద్దంటే క్లిఫర్డ్‌ను మగవాడు కాదన్నట్టే.

వాకిట్లో టీ కాచి, బూడిదలో కాల్చిన రొట్టె చేతికిచ్చింది డల్సీ. పారిపోదాం పద అంది. ట్రక్కులో డీజిలు ఉంది, దక్షిణం దారి ఇంకా మునగలేదు, పట్నం ఆసుపత్రిలో పడుకుంటే ఎవడూ లోపలికి రాలేడు అంది. అతను రొట్టె టీలో ముంచుకుని తాపీగా నమిలాడు.

"నా నెత్తురు ఇన్నాళ్ళూ ఆ మిషను తాగింది. ఇవాళ మన ఇసక తాగుతుంది. ఇసకకి ఇవ్వడానికి నాకేం బాధక్కా?"

"ఆ నవ్వు ఆపరా."

"ఏడవమంటావా? దానికి ఊరంతా ఉందిగా." తర్వాత నవ్వడం నిజంగానే ఆపాడు. "ఒక్కటి చెప్పు. నీ చెయ్యి నాకు తెలుసు. ఇసకలో వేలు పెట్టి గీసేప్పటినుంచీ చూస్తున్నా. ఆ గీతలు నువ్వు గీయలేదు. ఎవరు?"

డల్సీ కెటిలు వైపు చూసి తెలియదంది. అబద్ధమాడిందని అతనికి అర్థమైంది. అక్క అబద్ధమాడుతోందంటే దానికి తగ్గ కారణం ఉండి ఉంటుందనీ అర్థమైంది. ఇంకేమీ అడగకుండా కప్పు బోర్లించి లేచాడు. అలా లేచిపోవడమే ఆమె గుండెను కోసింది. తిట్టినా బాగుండేది.

ఆమెకు తెలుసు. ఊరి క్లినిక్కు గదిలో కుర్రవాడి ఒళ్ళు తుడవడానికి నర్సుతోపాటు లోపలికి వెళ్ళింది ఆమే. విన్నీ అప్పటికే రాయితో తల బాదుకుని స్పృహ తప్పి పక్క మంచం మీద ఉంది. అత్త వరసయ్యేవాళ్ళు ఇంకెవరూ లేరు. తడిగుడ్డతో వాడి కుడిచెయ్యి తుడుస్తుంటే గోళ్ళ మూలల్లో తెలుపు కనిపించింది. సుద్ద అనుకుని రుద్దింది. సుద్దయితే నీళ్ళకు కరిగిపోతుంది, అది కరగలేదు. డబ్బా రంగు ఒకసారి ఆరిందంటే నీటికి లొంగదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆమె వేళ్ళనిండా ఉండేది అదే. నర్సు అటు తిరగ్గానే ఆ చేతిని పిడికిలిగా మూసి, దుప్పటి కిందికి తోసేసింది.

వాడు షెడ్డుకు వచ్చి ఆమె పక్కన కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. ఫుట్‌బాల్ కబుర్లు చెప్పేవాడు, ఆమె రొట్టెలన్నీ తినేసేవాడు. ఆ ఖాళీ పట్టె చూపించి, ఎప్పుడూ అది వదిలేస్తావేంటత్తా అని అడిగితే ఆమె నవ్వి, అది నీ కోసమేరా, మీవాళ్ళు నీకు చూపించాక నువ్వొచ్చి నింపుదువుగాని అంది. ముద్దుగా అన్న మాట. 

చూపించాక అంది ఆమె. మెరుపు గీతలు ఊరికే ఎవరూ గీయరు. తండ్రి భూమి గీతలే అయినా, పెద్దలు ఎడారిలోకి తీసుకెళ్ళి, పాట పాడి, ఒంటి మీద గీసి చూపించిన తర్వాతే చెయ్యి పెట్టాలి. ఆ కుర్రవాడిని ఇంకా తీసుకెళ్ళలేదు. చూపించకముందే గీశాడని తెలిస్తే మిల్యారి వాడి చావుకు ఏడవడం మానేస్తుంది. దొంగిలించాడు, మెరుపు వచ్చి తనది తను తీసుకుపోయింది అంటారు. సమాధి దగ్గర పూర్తి పాట పాడరు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. పోయినవాడి పేరు కొన్నేళ్ళపాటు మూసి ఉంచుతారు, తర్వాత ఏ పసివాడికో పెట్టి మళ్ళీ నోటికి తెచ్చుకుంటారు. దొంగ పేరును అలా తెచ్చుకోరు. విన్నీ ఇక జన్మలో తన కొడుకు పేరు వినదు, పలకదు.

ఒకవైపు వాడి పేరు, ఒకవైపు తమ్ముడి ప్రాణం. నిద్ర లేకుండా ఆలోచించి ఆలోచించి, డల్సీ నోరు మూసుకోవాలనే నిశ్చయించుకుంది. తమ్ముడు బతికినా బతకవచ్చు. పేరు పోతే ఇక రాదు.

మైదానం పక్కన ఎండిన వాగు ఇసుకలో జనం రెండు గుంపులుగా కూర్చున్నారు. ఎండ నెత్తిన పడుతోంది గానీ దక్షిణాన మబ్బు లేచింది, గాలి పూర్తిగా స్తంభించింది. కుక్కలు కూడా మొరగకుండా ట్రక్కుల కింద దూరాయి. దూరంగా రోడ్డు మీద పోలీసు వాహనం ఆగి ఉంది. ఇంజను ఆపలేదు, చల్లటి గాలి కోసం. ఎవరైనా చచ్చేదాకా వాళ్ళు దిగరు.

వాలెస్ వైపువాళ్ళంతా నెత్తినుంచి పాదాలదాకా తెల్ల సుద్ద పూసుకుని ఉన్నారు. ముందు వరసలో విన్నీ నిలబడి ఉంది. తలకు కట్టిన గుడ్డలోంచి పాత నెత్తురు మీద కొత్త నెత్తురు ఊరుతోంది. చేతిలో వాళ్ళమ్మ ఇచ్చిన దుడ్డుకర్ర. ఆ కర్రతో వాళ్ళమ్మ ఇద్దరు సవతులను ఊరు దాటించిందని ఆమె నవ్వుతూ చెప్పిన రోజులున్నాయి. డల్సీ మొగుడికి విన్నీ చెల్లెలు. ఇద్దరూ వదినా వదినా అనుకుంటూ ఒకే పొయ్యి మీద కంగారూ తోక కాల్చుకుని తిన్నవాళ్ళు. ఇవాళ విన్నీ ఆమెను చూసిన చూపులో ఆ పొయ్యి జాడ లేదు.

ఆ గుంపులోనే, డల్సీకి వీపు పెట్టి కర్టిస్ కూర్చుని ఉన్నాడు. వాలెస్ తమ్ముడి కొడుకు, పోయిన కుర్రవాడికి వరసకు అన్న, డల్సీకి అల్లుడు. అల్లుడు కాబట్టి ఆమె మొహం చూడకూడదు, ఆమెతో మాట కలపకూడదు. ఆమె వస్తుంటే దారి తప్పుకోవాలి. పెళ్ళయినప్పటినుంచీ వాళ్ళిద్దరి మధ్య ఒక్క మాట కూడా నడవలేదు. వేట దొరికితే మాంసం తెచ్చి మెట్టు మీద పెట్టి, రేకు మీద తట్టి, ఆమె బయటికొచ్చేలోపు మూల తిరిగిపోయేవాడు. ఆమె అదే మెట్టు మీద రొట్టె మూట పెట్టేది. చెప్పాల్సిందేమైనా ఉంటే మధ్యలో కూతురు షోనా చెప్పేది. ఒకరిపై ఒకరికి అంత మర్యాద ఉన్న అత్తా అల్లుళ్ళు చుట్టుపక్కల లేరని ఊరు మెచ్చుకునేది.

క్లిఫర్డ్ చొక్కా విప్పి మడత పెట్టి అక్క చేతికిచ్చాడు. ఇసుక మధ్యకు నడిచి, కుడికాలు ముందుకు చాపి నిలబడ్డాడు. ఉబ్బిన నరమున్న చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

"రా అన్నా," అన్నాడు వాలెస్‌తో. "ఎండ మండిపోతోంది. నువ్వు ముసలాడివి, కళ్ళు సరిగా ఆనవు, కాస్త దగ్గరికే వచ్చి విసురు."

ఇటు గుంపులో ఒకరిద్దరు నవ్వారు. వాలెస్ నవ్వలేదు. పొడుగ్గా ఎండుకట్టెలా ఉండే మనిషి. సుద్ద కింద మొహంలో ఏముందో తెలియడం లేదు. అతను బల్లెం గురిచూసే తీరు చూస్తే మాత్రం డల్సీకి ఏదో తేడాగా అనిపించింది. కోపంతో ఉన్న మనిషి ఎదటివాడి కళ్ళలోకి చూస్తాడు. వాలెస్ ఇసుకను చూస్తున్నాడు.

బల్లెం వచ్చింది. గాలిలో ఉన్నంతసేపూ చప్పుడు లేదు, కండలో దిగినప్పుడు మాత్రం గొడ్డు మాంసం మీద కత్తి పడ్డ చప్పుడైంది. మొన తొడ వెనక్కి తేలింది.  క్లిఫర్డ్ మోకాలు వంగి మళ్ళీ నిటారైంది. రెండు చేతులతో కర్ర పట్టుకుని, ముళ్ళ మొన ఉండగా లాగడానికి వీల్లేక, మొన విరిచి, ముందుకు లాగి పారేశాడు. అప్పుడు నెత్తురు మొదలైంది. మామూలుగా కారడం కాదు, ఎగజిమ్మింది. మోకాలు, పిక్క, పాదం తడిసి, ఇసుకలో మడుగు కట్టింది. ఇసుక పీల్చుకుంటున్నకొద్దీ మడుగు పెద్దదవుతూనే ఉంది.

అంతటితో ఆగిపోవచ్చు. తండ్రి చాలంటే చాలు. అందరూ వాలెస్ వైపు చూశారు. అతను విన్నీ వైపు చూశాడు.

విన్నీ ఇంకొకటి అంది.

క్లిఫర్డ్ పెదాలు అప్పటికే బూడిద రంగుకు తిరిగాయి. నిలబడటానికి కాలు ఎడంగా వేసుకోబోయి తూలాడు. డల్సీ చేతిలోని చొక్కా పారేసి పరుగెత్తింది. సగం దూరం వెళ్ళకముందే విన్నీ అడ్డం వచ్చింది. మొదటి దెబ్బ నెత్తి మీద పడింది. కళ్ళముందు ఎండ తెల్లగా పగిలి, నుదుటి మీదుగా వేడిగా ఏదో దిగి కంట్లో పడింది. డల్సీ కింద పడుతూనే విన్నీ కాళ్ళు పట్టి లాగింది. ఇద్దరూ ఇసుకలో దొర్లారు. ఇద్దరూ బలమైన మనుషులే, ఇద్దరికీ కొట్టుకోవడం తెలుసు. డల్సీ చేతికి అందిన జుట్టు పీకింది, మోచేత్తో ఆమె దవడ మీద కొట్టింది, విన్నీ ఆమె భుజం కరిచి పట్టుకుంది. ఎవరూ విడదీయలేదు. ఆడవాళ్ళ కొట్లాటలో మగవాళ్ళు వేలు పెట్టరు, ఆడవాళ్ళు పెట్టదలచుకోలేదు.

పైకి లేచింది విన్నీయే. డల్సీ కుడిచేతి మీద కాలు వేసి తొక్కింది.

"ఈ చెయ్యే కదూ గీసింది," అంది. అరవలేదు. ఇంట్లో ఏదో అడుగుతున్నట్టే అంది.

కర్ర రెండుచేతులా ఎత్తి ముంజేతి మీద దించింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.  ముప్పై ఏళ్ళు గుడ్డ మీదికి మబ్బులను దింపిన చెయ్యి మణికట్టు దగ్గర అడ్డంగా వంగిపోయి, ఎవరిదో చెయ్యిలా ఇసుకలో పడి ఉంది. ఆ నొప్పిలో కూడా ఆమె చూస్తున్నది తమ్ముడినే. అతను మోకాళ్ళ మీదికి వచ్చేశాడు. వాలెస్ రెండో బల్లెం చేతికి తీసుకున్నాడు.

అప్పుడు ఆమె ముందు ఒక నీడ పడింది.

"అత్తా."

ఆ గొంతు ఎవరిదో డల్సీకి వెంటనే తెలియలేదు. ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. తల ఎత్తితే కర్టిస్ ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. సుద్ద పూసుకున్న మొహం, ఎర్రటి కళ్ళు, సూటిగా ఆమె కళ్ళలోకే చూస్తున్నాడు.

రెండు గుంపుల్లోనూ ఆడవాళ్ళు గౌను అంచులతో, చేతులతో మొహాలు కప్పుకున్నారు. ఎవరో ముసలామె సిగ్గు సిగ్గు అంటూ ఇసుక తీసి నెత్తిన పోసుకుంది. నెత్తురు చూసి తిరగని మొహాలు ఆ ఒక్క మాటకు తిరిగిపోయాయి. షోనా అయితే ఉన్నచోటే కూలబడి చెవులు మూసుకుంది. డల్సీకి సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది. మొహం తిప్పుకోబోయింది.

"మొహం తిప్పకు. నా సిగ్గు ఎట్లాగూ పోయింది, ఇక విను." అతను గొంతు పెంచాడు. "వాడు షెడ్డు వెనక కొళాయి దగ్గర బ్రష్షు కడగడం నేను చూశా. నువ్వు వాడి గోళ్ళు చూసి చెయ్యి దాచావ్, క్లినిక్కు కిటికీలోంచి అదీ చూశా. ఇద్దరం నోరు మూసుకున్నాం. మామ చచ్చిపోతున్నాడత్తా. నువ్వు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

చెప్తా అన్నాడు గానీ చెప్పేశాడు కూడా. అందరూ విన్నారు.

గుంపులో గుసగుస ఒక కొసనుంచి ఇంకో కొసకు పాకింది. వాడేనా, వాడే గీశాడా, చూపించకుండానేనా. విన్నీ ఆ మాటలు విని కర్ర మళ్ళీ ఎత్తింది. కర్టిస్ వీపు మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. పోయినవాడి మీద మచ్చ వేస్తావా, తమ్ముడి మీదే వేస్తావా, నా పాలు కూడా తాగినవాడివి కదరా అంటూ కొడుతూనే ఉంది. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. చర్మం చిట్లి సుద్ద మీద ఎర్రగా చారలు దిగుతున్నా డల్సీ కళ్ళలోంచి చూపు తీయలేదు.

చివరికి విన్నీయే అలిసిపోయింది. కర్ర ఇసుకలో దించి, దాని మీద బరువు వేసి డల్సీ వైపు తిరిగింది.

"వదినా. లేదని చెప్పు."

వారం రోజుల తర్వాత మళ్ళీ వదినా అంది. ఒక్క మాట చాలు. లేదు, నేనే గీశాను అంటే కుర్రవాడి పేరు నిలబడుతుంది, రెండో బల్లెం లేస్తుంది. అవును అంటే క్లిఫర్డ్‌ను ట్రక్కులో వేసుకుని క్లినిక్కుకు పరుగెత్తవచ్చు, వాడి పేరును మాత్రం ఈ వాగులోనే పూడ్చిపెట్టాలి. డల్సీ తమ్ముడిని చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దని. అతనికి ఇప్పుడు కారణం అర్థమైంది. అర్థమయ్యాక కూడా చెప్పొద్దనే అంటున్నాడు. అంత మంచివాడిని కన్నందుకు పోయిన తల్లి మీద డల్సీకి కోపం వచ్చింది.

మొదటి చినుకు ఆమె విరిగిన చేతి మీద పడింది. నాలుగైదు చినుకులు ఇసుకలో గుంటలు చేశాయి. ఆ తర్వాత ఆగకుండా వచ్చేసింది. మబ్బు ఎప్పుడు తలమీదికి వచ్చిందో ఎవరూ గమనించనే లేదు. తలింజి వైపునుంచి వచ్చిన వాన. ఆమె వేసే వాన, ఆమె తండ్రి వాన. వెచ్చగా, లావుగా, కోపంగా పడుతోంది. ఎవరూ లేచి పరుగెత్తలేదు. కూర్చున్నవాళ్ళ ఒళ్ళమీది సుద్ద కరిగి, పాలలా జారి, ఒడిలోంచి ఇసుకలోకి పోతోంది. తెల్లగా ఉన్న మనుషులంతా ఒక్కొక్కరే మళ్ళీ నల్లగా, తమ తమ మొహాలతో బయటపడుతున్నారు.

విన్నీ మొహం కడుక్కుపోయింది. కర్టిస్ వీపు కడుక్కుపోయింది. వాలెస్ ఇంకా బల్లెం పట్టుకునే ఉన్నాడు. అతని చేతిమీది సుద్ద మోచేతినుంచి మణికట్టుకు, మణికట్టునుంచి వేళ్ళకు దిగి, చివరి తెల్లటి బొట్టు కూడా రాలిపోయింది.

బొటనవేలి గోటి దగ్గర మాత్రం కొంచెం తెలుపు పోలేదు.

వాలెస్ కుడి బొటనగోరు నిలువునా చీలి ఉంటుంది. కుర్రతనంలో పశువుల పాకలో తాడు పడి చీలింది, మళ్ళీ అతుక్కోలేదు. ఊళ్ళో పిల్లలు ఆ గోటిని చూసి భయపడేవాళ్ళు. ఆ చీలికలో పైనుంచి కిందిదాకా సన్నగా తెల్లటి గీత ఉంది. వాన దాని మీద పడుతోంది, జారిపోతోంది, గీత అలాగే ఉంది. డల్సీ కంట్లోకి దిగిన నెత్తురును ఎడమచేత్తో తుడుచుకుని మళ్ళీ చూసింది. సుద్ద కాదు. తన షెడ్డులో తెల్లమూత డబ్బాలో ఉండే రంగు.

నొప్పి ఒక్క క్షణం ఎటో పోయింది. వాడు ఒక్కడే వెళ్ళలేదు. వాడు ఏదీ దొంగిలించలేదు. చూపించే హక్కున్నవాడే పక్కన కూర్చుని, కొడుకు చేతిమీద చెయ్యేసి, గీత ఎక్కడ తిరగాలో దిద్దించాడు. ఎడారిలోకి తీసుకెళ్ళేదాకా ఆగలేకపోయాడు. ముసలితనానికి భయపడ్డాడో, కొడుకు పట్నం పోతాడని భయపడ్డాడో, ఆగలేకపోయాడు. పాట లేకుండా, పెద్దలు లేకుండా, మేకులు కొట్టిన రేకుల షెడ్డులో చూపించేశాడు. ఆ తర్వాత మెరుపు వచ్చింది. పెళ్ళాం మొహం చూసి నోరు పడిపోయి, తప్పు డల్సీ నెత్తిన పడుతుంటే పడనిచ్చాడు. తను అన్నయ్యా అని పిలిచే మనిషి. తను నోరు మూసుకుని తమ్ముడిని బలి ఇవ్వబోయింది ఇతని కొడుకు పేరు కోసం. ఇతనూ నోరు మూసుకున్నాడు, తన తప్పు దాచుకోవడం కోసం.

డల్సీకి ఏడుపు రావాలి. రాలేదు. ఒళ్ళంతా కోపం నిండింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఎవరిమీద కోపపడాలో ఆమెకు తెలిసింది.

ఒక్కమాటతో వాడి పేరు దొంగ పేరు కాకుండా పోతుంది. ఒక్కమాటతో తమ్ముడు ట్రక్కెక్కుతాడు. రెండూ దక్కుతాయి. వాలెస్ ఒక్కడే దక్కడు.

తల ఎత్తితే వాలెస్ ఆమెనే చూస్తున్నాడు. ఈసారి ఇసుకను కాదు. ఆమె చూపు తన బొటనవేలి మీద ఎంతసేపు ఆగిందో అతను చూశాడు. మెల్లగా ఆ వేలిని బల్లెం కర్ర వెనక్కి మడిచాడు.

"చెప్పు వదినా," అంది విన్నీ, వానలో తడుస్తూ. "వాడు నాకు ఇంకా ఉన్నాడా లేడా? ఆ పేరు ఎప్పటికైనా నా నోటికొస్తుందా?"

"వస్తుంది," అంది డల్సీ.

విరిగిన చెయ్యి లేవదు. అందుకని ఎడమచెయ్యి లేపింది. ఆ చెయ్యి ఎప్పుడూ బ్రష్షు పట్టలేదు. వేలు చాపి వానలోంచి సూటిగా చూపించింది. కర్టిస్ వెనక్కి తిరిగాడు. క్లిఫర్డ్ మసకబారిన కళ్ళతో అటు చూశాడు. అందరికంటే ఆలస్యంగా, ఆ వేలు వెంబడి విన్నీ చూపు కూడా అటే తిరగడం మొదలైంది.

అది తన దాకా చేరకముందే వాలెస్ బల్లెం ఎత్తాడు. ఈసారి దాని మొన డల్సీ వైపు ఉంది, తొడ ఎత్తులో లేదు.